దుబాసీ లేని తెర

గత విద్యాసంవత్సరంలో ఒకనాడు ఛందస్సు పాఠం కోసం మా శాఖలోని పాత లాప్‌టాప్‌ను ప్రొజెక్టరుకు తగిలించాను. విండోస్ తీసివేసి లినక్స్ వేయించిన యంత్రమది. దాని తెరమీద ఉత్పలమాల గణాలు చక్కగా కనిపిస్తున్నవి; గోడమీద మాత్రం నీలి వెలుగే తప్ప అక్షరం లేదు. తీగ మార్చాము, ప్రొజెక్టరు మార్చాము. చివరకు నల్లబల్లే శరణ్యమైనది. యంత్రం చెడిపోలేదు, విండోస్ ఉన్న రోజులలో అదే గోడమీద బొమ్మ చూపినదే. లోపమల్లా డ్రైవరు లేకపోవడమే.

డ్రైవరనగానే మన అత్వెల్లి దగ్గర జాతీయ రహదారిమీద లారీలు తోలేవారు స్ఫురించవచ్చు. ఇక్కడ ఆ మాటకు దుబాసీ అని అర్థం చెప్పుకోవాలి. లినక్స్ ఒక భాషలో ఆజ్ఞాపిస్తుంది. బొమ్మను తెరకు పంపే చిప్పుది వేరొక భాష. ఉర్దూ, తెలుగు కలిసి వినిపించే మన ప్రాంగణంలో దుబాసీ అవసరం వివరించనక్కరలేదు. కొన్ని లాప్‌టాప్‌లలో ఇటువంటి చిప్పులు రెండుంటాయి. సొంత తెర ఒకదానికి, ప్రొజెక్టరు తగిలించే రంధ్రం రెండవదానికి కలిపి ఉంటాయి. రెండవదానికి దుబాసీ లేకుంటే లోపల వెలుగు, బయట చీకటి.

చిప్పు చేసినవారు దాని వ్యాకరణాన్ని దాచుకోవడమే ఇందుకు మూలం. 2008లో ఇంటెల్ చిన్న కంప్యూటర్ల కోసం తెచ్చిన జీఎంఏ 500లో చిత్రభాగం ఇమాజినేషన్ టెక్నాలజీస్ అనే మరొక సంస్థది. దానికి లినక్స్ ప్రధాన కెర్నెలులో సరైన డ్రైవరు చేరేసరికి 2012 వచ్చినది. అప్పటికీ త్రిమితీయ చిత్రాల వేగం సమకూరలేదు. ఎన్విడియా తన పాత చిప్పుల డ్రైవర్లలో 340 శ్రేణికి 2019తో, 390 శ్రేణికి 2022తో స్వస్తి చెప్పినది. ఆ 2022 మే నెలలోనే కెర్నెలు భాగపు మూలరచనను వెల్లడించినది గాని, అది 2018 నాటి ట్యూరింగు తరం, ఆ తరువాతి చిప్పులకే పనికివస్తుంది. పాతవాటికి స్వచ్ఛంద కార్యకర్తలు చిప్పు నడతను పరిశీలించి కట్టిన నూవో అనే డ్రైవరే దిక్కు. ఊమ మాటలను సైగలతో ఊహించి అనువదించడం వంటి పని అది!

"అంత యాతనెందుకు, కొత్తవి కొనరాదా?" అని కమిటీ పెద్దలు అడుగవచ్చు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత సంరక్షణ సాధారణంగా ముగిసినది. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్లో పాత లాప్‌టాప్ కొనుక్కొన్న మన విద్యార్థికి, అది విండోస్ 11కు నోచుకోనిదైతే, లినక్సే ఆధారం. 2005 నుండి స్వేచ్ఛ సంస్థ తెలుగునాట ఆ బాట వేస్తున్నది. తెలుగు లిపి, ఉర్దూ నస్తాలీఖు రెండూ దానిలో హాయిగా కుదురుతాయి. అయితే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అభిమానులమీదా నాకొక ఫిర్యాదున్నది. గోడమీద బొమ్మ రాదన్న సంగతి ముందుగా చెప్పరు. అడిగితే నీవే సరిచేసుకొమ్మంటారు. రేపు తరగతిలో సెమినారు ఇవ్వవలసిన పిల్లవాడు కెర్నెలు సరిచేస్తాడా?

కమిటీవారికి నా మనవి: పాత యంత్రాలను తూకానికి అమ్మకముందు ఒక్కొక్కదానిలో లినక్స్ పెన్‌డ్రైవు పెట్టి, ప్రొజెక్టరుకు తగిలించి చూడండి. బొమ్మ వచ్చినవి తరగతులకు, రానివి గ్రంథాలయానికి ఇవ్వండి. కొత్తవి కొనేటప్పుడూ డబ్బు చెల్లించే ముందు ఇదే పరీక్ష చేయించండి. పది నిమిషాల పని. విద్యార్థులారా, మీరూ దుకాణంలోనే ఈ పని చేయండి.

మా శాఖ లాప్‌టాప్ ప్రస్తుతం ఈ సంచికకు వ్యాసాలు టైపు చేయడానికి ఉపయోగపడుతున్నది. ఛందస్సు నల్లబల్లమీదనే నడుస్తున్నది.