దమ్ము ఆడనప్పుడు కీటోన్ పొడి కాదు, 108

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో గుండెజబ్బుకు మందులు వాడుతున్నవాళ్లకు, వాళ్ల ఇంటివాళ్లకు ఈ మాట ఇవాళే చేరాలి. పడుకోగానే దమ్ము ఆడకపోయినా, లేచి కూర్చుంటే తప్ప ఊపిరి అందకపోయినా, దగ్గితే గులాబీ రంగు నురగ పడినా గ్యాస్ అనుకోకండి. గుండె రక్తాన్ని ముందుకు తోయలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించాలి. ఆ క్షణంలో కీటోన్ పొడి కలుపుతూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది.

కీటోన్ పొడి తాగితే గుండెకు బలమన్న ప్రచారం వెనుక కొంత నిజముంది. నా భయం కూడా అందుకే. కొవ్వు కరిగినప్పుడు ఒంట్లో తయారయ్యే కీటోన్లను నీరసించిన గుండె ఇంధనంగా వాడుకోగలదు. 2019లో డెన్మార్క్‌లోని ఆర్హుస్ వైద్యులు, నిలకడగా ఉన్న 16 మంది దీర్ఘకాల హార్ట్ ఫెయిల్యూర్ రోగులకు కీటోన్‌ను నరంలోకి ఎక్కిస్తే, గుండె నిమిషానికి పంపే రక్తం సుమారు 2 లీటర్లు పెరిగింది. 2023లో వెలువడిన మరో పరీక్షలో కార్డియోజెనిక్ షాక్‌లో, అంటే గుండె తగినంత రక్తం పంపలేని ప్రాణాపాయ స్థితిలో ఉన్న 12 మందికి ఆసుపత్రిలో, వైద్యుల కళ్లముందే కీటోన్ ఇచ్చారు. కొన్ని గంటలపాటు గుండె పనితీరు కొలిచారు, అంతే. ప్రాణాలు నిలుస్తాయని తేల్చడానికి 12 మంది చాలరు. డబ్బా కొని ఇంట్లో తాగమని ఆ పరిశోధన ఎక్కడా చెప్పలేదు.

పైగా బజారులో దొరికే కీటోన్ పొడులు చాలావరకు లవణాలు. వాటిలో సోడియం ఎక్కువ. ఉప్పు తగ్గించమని డాక్టరు పదేపదే చెప్పిన మనిషికి ఇంకా ఉప్పు పోస్తే, ఒంట్లో నీరు ఇంకా నిలుస్తుంది. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవాళ్లకు మరో ముప్పుంది. తిండి తగ్గించి ఉపవాసాలు, కీటో పద్ధతులు పాటిస్తే, షుగర్ మామూలుగానే కనిపిస్తూ రక్తం ఆమ్లంగా మారవచ్చు. అలాగని ఆ మాత్రలు సొంతంగా మానకండి, అవి గుండెకు మేలు చేసేవే.

ఈ పొడిని జనం తేలిగ్గా నమ్మడానికి ఓ కారణముంది. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ కీటో తరహా ఆహారపద్ధతి ఊరూరా పాకింది. బరువు తగ్గినవాళ్లను కళ్లారా చూసిన మనకు కీటో అన్న పేరు మీదే నమ్మకం కుదిరిపోతుంది. కానీ బరువు తగ్గడం వేరు, ఊపిరాడని మనిషిని బతికించడం వేరు. గుండెజబ్బు నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది కూడా.

దమ్ము ఆడకపోతే 108కి ఫోన్ చేయండి. మనిషిని పడుకోబెట్టకుండా, కాళ్లు కిందికి వేలాడేలా కూర్చోబెట్టండి. హైదరాబాద్‌లోని పెద్దాసుపత్రికే పోవాలని బీజాపూర్ రోడ్డు ట్రాఫిక్‌లో అప్పా జంక్షన్ దాకా సొంత కారులో తిప్పకండి. ఆక్సిజన్, నీరు తీసే ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్ ముందు దగ్గర్లోని ఆసుపత్రిలో పడాలి, గుండెపోటు వచ్చిందేమో ఈసీజీ తీసి చూడాలి. రోజువారీ మందుల చీటీ వెంట ఉంచుకోండి. ఇప్పటికే పొడి తాగి ఉంటే దాచొద్దు. డబ్బా కూడా తీసుకెళ్లి, ఎప్పుడు, ఎంత తాగారో డాక్టరుకు చెప్పండి.