ఒకే జీడిపప్పు, నాలుగు ధరలు: పలాస సరుకు ఆన్‌లైన్‌కి వెళ్తే మిగిలేదెంత?

రంజాన్ దగ్గర పడుతోందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని మన ఇళ్లలో ముందుగా కొనిపెట్టుకునే సరుకుల్లో జీడిపప్పు ఒకటి. షీర్ ఖుర్మాకి కావాలి, బిర్యానీకి కావాలి, ఈద్ రోజు వచ్చే చుట్టాలకి ప్లేటులో పెట్టడానికీ కావాలి. ఆ పప్పు పలాస-కాశీబుగ్గ నుంచే వస్తుందని ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. ఉద్దానం తోటల పిక్కలతో పాటు ఆఫ్రికా దేశాల నుంచి దిగుమతయ్యే పిక్కలు కూడా ఇక్కడి ఫ్యాక్టరీల్లో పప్పుగా మారతాయి. పొట్టు తీసి, గ్రేడు వేరు చేసే పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే.

కొన్నేళ్లుగా ఈ వ్యాపారంలోకి ఒక కొత్త గొడవ వచ్చింది. అదే పప్పు కొట్టులో ఒక ధర, వాట్సాప్ గ్రూపులో ఒక ధర, అమెజాన్‌లో ఒక ధర, మీషోలో ఇంకో ధర. కొనేవాళ్లు ఫోన్ చూపించి అడుగుతారు: "ఏం భాయ్, ఆన్‌లైన్‌లో ఇంకా తక్కువకే ఉంది కదా, మాకెందుకు ఎక్కువ?" అమ్మే మనిషికి జవాబు తట్టదు. ఎందుకంటే చాలాసార్లు ఆ తక్కువ ధర తను పెట్టింది కాదు, లేదా తెలియక పెట్టుకున్నది.

ఇది జీడిపప్పుకే పరిమితం కాదు. భీమాళి మామిడి తాండ్ర, పొందూరు ఖద్దరు, ఇంట్లో పట్టే పచ్చళ్లు, కుట్టే బట్టలు, ఏవి అమ్మినా లెక్క ఒకటే. జీడిపప్పు మనకి బాగా తెలిసిన సరుకు కాబట్టి దాంతోనే చూద్దాం.

ముందు గ్రేడు సంగతి

ధర పోల్చే ముందు పోలుస్తున్నది ఒకే సరుకా కాదా అన్నది చూడాలి. గుండు పప్పుని డబ్ల్యూ 180, 210, 240, 320, 450 అని పిలుస్తారు. ఆ అంకె ఒక పౌనుకి, అంటే దాదాపు 454 గ్రాములకి, ఎన్ని పప్పులు తూగుతాయో చెబుతుంది. అంకె తగ్గేకొద్దీ పప్పు లావు, ధరా ఎక్కువ. ఆ తర్వాత బద్దలు, ముక్కలు, నూక. ఆన్‌లైన్‌లో "పలాస జీడిపప్పు అరకిలో" అని మాత్రమే రాసి ఉంటే అది 240 గుండో, 450 గుండో, బద్దో తెలియదు. కొనేవాళ్లు అంకె అడగాలి. అమ్మేవాళ్లు అంకె తప్పకుండా రాయాలి. సగం తగువులు అక్కడే తీరిపోతాయి.

అసలు లెక్క

ఇప్పుడు అరకిలో ప్యాకెట్ తీసుకుందాం. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి, మార్కెట్ ధరలు కావు. పప్పు, ప్యాకింగు, కూలి, పన్ను అన్నీ కలిపి మనకి పడింది రూ.430. కొట్టులో రూ.470కి అమ్మితే రూ.40 మిగులుతుంది. బాగానే ఉంది.

అదే రూ.470 ధరని ఆన్‌లైన్ సైట్‌లో పెట్టామనుకోండి. కమీషను, దాని మీద జీఎస్టీ కలిపి 8 శాతం, పార్సిల్ ఖర్చులూ స్థిర ఫీజులూ కలిపి రూ.70 అనుకుందాం. కోత రూ.107 దాటుతుంది. చేతికి వచ్చేది రూ.362. అంటే ప్యాకెట్‌కి రూ.68 నష్టం. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లలో ఇరవైకి ఒకటి తీసుకోకుండా వెనక్కి వచ్చి, రానూ పోనూ రూ.80 పోయిందంటే, ప్రతి ప్యాకెట్ మీదా ఇంకో రూ.4 పడుతుంది. ఆర్డర్లు పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. "అమ్మకాలు బాగున్నాయి, డబ్బులే కనబడట్లేదు" అనేవాళ్ల కథ ఇదే.

మరి ఎంత పెట్టాలి? కొన్న ఖర్చు 430, స్థిర ఫీజులు 70, వెనక్కి వచ్చేవాటికి 4, మనకి కావలసిన లాభం 40. మొత్తం 544. దీనికి 8 శాతం కలపకూడదు, 0.92తో భాగించాలి. కమీషను మన ఖర్చు మీద కాదు, అమ్మిన ధర మీద పడుతుంది కాబట్టి. వచ్చేది రూ.591. కొట్టు ధరకీ దీనికీ తేడా రూ.121. ఈ రూ.121లో అమ్మినవాడికి అదనంగా పైసా మిగలదు. ఈ ముక్క కొనేవాళ్లకి కూడా తెలియాలి.

ఎంఆర్‌పీ అచ్చు వేసే ముందే ఆలోచించాలి

ఇక్కడ చాలామంది ఇరుక్కుంటారు. కొట్టుని మనసులో పెట్టుకుని ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ రూ.500 అని అచ్చు వేయిస్తారు. తర్వాత ఆన్‌లైన్‌కి వెళ్తారు. ఎంఆర్‌పీ దాటి అమ్మడం నేరం. ఆన్‌లైన్‌కి వేరే ఎంఆర్‌పీ స్టిక్కర్ అంటిద్దామంటే, ఒకే రకం ప్యాకెట్ మీద రెండు ఎంఆర్‌పీలు వేయడాన్ని లీగల్ మెట్రాలజీ నిబంధనలు ఒప్పుకోవు. ఎంఆర్‌పీ, బరువు, తయారీదారు పేరు, చిరునామా లాంటి వివరాలు ప్యాకెట్ మీదే కాదు, 2018 జనవరి నుంచి ఆన్‌లైన్ పేజీలో కూడా చూపించాలి.

కాబట్టి ఖర్చు ఎక్కువ పడే చోటుని బట్టి ఎంఆర్‌పీ వేయాలి. ఖర్చు తక్కువ ఉన్న చోట, అంటే మన కొట్టులో, తగ్గించి ఇవ్వాలి. తగ్గించడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. అలాగని ఎంఆర్‌పీని రెండింతలు చేసి "50 శాతం డిస్కౌంట్" అని రాస్తే, అది తెలిసిన కస్టమర్ ఎదుట పరువు పోగొట్టుకోవడమే.

తక్కువ ధర ఎక్కడి నుంచి వస్తుంది?

మూడు దారులున్నాయి. మొదటిది పండగ సేల్. కొన్నిచోట్ల అమ్మకందారు ఒక టిక్ తీసేయకపోతే సేల్‌లో చేరిపోయినట్టే. డిస్కౌంటు ఎవరి జేబులోంచి పోతుందో ముందే చదువుకోవాలి. రెండోది "ధరని ఆటోమేటిక్‌గా సరిచేయి" అనే సదుపాయం. పక్కవాడు ఒక రూపాయి తగ్గిస్తే మనదీ తగ్గుతుంది. కనీస ధర పెట్టకుండా దాన్ని ఆన్ చేస్తే కొనుగోలు ధర కంటే కిందికి కూడా దిగిపోవచ్చు. మూడోది మన హోల్‌సేల్ సరుకే. మన దగ్గర పెట్టెల లెక్కన కొన్నవాళ్లు అదే ప్యాకెట్‌ని మన కంటే తక్కువకి ఆన్‌లైన్‌లో పెడతారు. హోల్‌సేల్‌కి మన పేరు లేని ప్యాకింగో, వేరే బరువో ఇస్తే ఈ పోటీ చాలావరకు తగ్గుతుంది.

ఇంకోవైపు పెద్ద సైట్ల ఒత్తిడి. బయట ఇంకెక్కడైనా తక్కువకి అమ్ముతున్నట్టు కనబడితే, ఆ అమ్మకందారుని వెనక్కి నెట్టేసే పద్ధతి మీద ప్రపంచమంతా గొడవ నడుస్తోంది. జర్మనీ, బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థల విచారణల తర్వాత 2013లో అమెజాన్ యూరప్‌లో ఈ షరతుని వదులుకుంది. అమెరికాలో ఎఫ్‌టీసీ 2023 సెప్టెంబరులో అమెజాన్ మీద వేసిన కేసులో ఈ ఆరోపణ కూడా ఉంది. మన దేశంలో హోటల్ గదుల విషయంలో ఇలాంటి తీర్పే వచ్చింది. వేరేచోట తక్కువకి ఇవ్వకూడదని హోటళ్లకి షరతు పెట్టడంతో పాటు మరికొన్ని పద్ధతులని తప్పుపడుతూ, 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ మేక్‌మైట్రిప్-గోఐబిబో మీద రూ.223 కోట్లు, ఓయో మీద సుమారు రూ.169 కోట్లు జరిమానా వేసింది. విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్‌లు నేరుగా గానీ దొడ్డిదారిన గానీ సరుకు ధరని ప్రభావితం చేయకూడదని ఎఫ్‌డీఐ నిబంధనల్లోనే రాసి ఉంది. చట్టం ఉంది. కానీ కాశీబుగ్గలో నలుగురితో నడిచే వ్యాపారం ఢిల్లీ దాకా వెళ్లి కొట్లాడలేదు. అందుకే మన జాగ్రత్త మనమే పడాలి.

సున్నా కమీషను అంటే ఖర్చు సున్నా కాదు

మీషో 2021 నుంచి అమ్మకందారుల దగ్గర కమీషను తీసుకోవడం లేదు. అమెజాన్ 2025 ఏప్రిల్ నుంచి రూ.300 లోపు సరుకుల్లో చాలావాటికి కమీషను ఎత్తేసింది. ఫ్లిప్‌కార్ట్ అదే ఏడాది నవంబరులో రూ.1000 లోపు అర్హత ఉన్న వస్తువులకి ఇలాంటి ప్రకటనే చేసింది. మంచిదే. కానీ పార్సిల్ ఖర్చు, ప్రకటనల ఖర్చు, వెనక్కి వచ్చే సరుకు అలాగే ఉంటాయి. వంద గ్రాముల ప్యాకెట్‌కి కమీషను లేకపోయినా, పార్సిల్ చార్జీ లాభం మొత్తాన్ని మింగేస్తుంది. 200 లేదా 250 గ్రాములవి రెండు ప్యాకెట్లు కలిపి ఒక ఆర్డరుగా పెడితే ఎంత మిగులుతుందో పైన చెప్పిన లెక్కతో చూసుకోండి.

పన్నుల వైపు కూడా ఒక మాట. జీడిపప్పు మీద జీఎస్టీ 5 శాతం. సైట్ మనకి డబ్బు వేసే ముందు టీసీఎస్ పట్టుకుంటుంది, ఇది 2024 జులై నుంచి 0.5 శాతం. టీడీఎస్ 2024 అక్టోబరు నుంచి 0.1 శాతం. ఇవి ఖర్చు కావు, రిటర్నులు సరిగ్గా వేస్తే మన ఖాతాలోకి వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకి రూ.40 లక్షల టర్నోవరు దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 2023 అక్టోబరు 1 నుంచి ఇలాంటి చిన్నవాళ్లు కూడా సైట్లలో అమ్ముకోవచ్చు, కానీ రాష్ట్రం లోపలే. అంటే పలాస నుంచి విజయవాడకి పంపవచ్చు. ఇచ్ఛాపురం దాటితే వచ్చే బరంపురానికి పంపకూడదు. హైదరాబాద్‌కీ పంపకూడదు. ఈ తేడా తెలియక ఇబ్బంది పడొద్దు.

ఇంట్లో కూర్చుని చేయగలిగినవి

ఒక నోటుబుక్కులో పేజీకి ఒక అమ్మకం దారి చొప్పున రాయండి: కొట్టు, వాట్సాప్, ఒక్కో సైటు. ప్రతిదానికీ "ఇంతకంటే కిందికి దిగను" అనే ధర ఒకటి ఎర్ర ఇంకుతో రాసిపెట్టండి. పిక్కల ధర మారిన రోజునే అన్నిచోట్లా మార్చండి, ఒకచోట మరిచిపోతే ఆర్డర్లన్నీ అక్కడికే వస్తాయి. పది ప్యాకెట్లు ఉంటే మూడుచోట్లా పదేసి చూపించకండి. రంజాన్ చివరి వారంలో ఆర్డర్లు రద్దు చేయాల్సి వస్తే సైట్‌లో రేటింగూ పోతుంది, మనిషి దగ్గర మాటా పోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఒకే ప్యాకెట్‌ని నాలుగు ధరలకి అమ్మే బదులు నాలుగు చోట్ల నాలుగు రకాలు పెట్టడం. కొట్టులో విడి పప్పు, వాట్సాప్ వాళ్లకి కిలో ప్యాకెట్, సైట్లలో చిన్న ప్యాకెట్ల జత, గల్ఫ్ నుంచి సెలవులకి వచ్చి తిరిగి వెళ్లేవాళ్లకి 240 గుండు గిఫ్ట్ బాక్సు. అప్పుడు ఫోన్ చూపించి అడిగినా చెప్పడానికి జవాబుంటుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం జీడితోటల్ని నేలమట్టం చేసింది. చెట్టు మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. అంత కష్టపడి నిలబడ్డ సరుకుని లెక్క చూసుకోక నష్టానికి అమ్ముకోకూడదు. ఈసారి ఈద్‌కి మీరు కొనే పప్పు కొట్టుదైనా, ఆన్‌లైన్‌దైనా, గ్రేడు అడగండి, బరువు చూడండి. పది రూపాయల తేడా ఉంటే ఎందుకని అమ్మేవాళ్లని అడగండి. నిజాయితీగా లెక్క చెప్పగలిగితే వాళ్ల దగ్గరే కొనండి. అమ్మేవాళ్లూ, ఆ లెక్క చెప్పడానికి సిద్ధంగా ఉండండి.