నిద్ర పట్టదన్న వారిని ఇంకొక మాట అడగండి

"నిద్ర పట్టదు, ఆకలి లేదు, ఒళ్లంతా నొప్పులు" అంటూ వచ్చినవారికి అశ్వగంధ చూర్ణం పాలలో పుచ్చుకోమని చెప్పి పంపడం చాలాకాలం నాకు అలవాటు. ఆ మాటల వెనుక ప్రాణం మీద విరక్తి దాగి ఉండవచ్చునన్న ఆలోచన ఆలస్యంగా కలిగింది. అది కలిగించినది ఏ శాస్త్రగ్రంథమూ కాదు. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో నివసించే వైట్ మౌంటెన్ అపాచీ అనే ఆదివాసుల అనుభవం.

2001-2006 మధ్య ఆ తెగలో ఏటా లక్షకు 40 మంది చొప్పున ఆత్మహత్య చేసుకొన్నారు. అప్పటి దేశ సగటు 11 ప్రాంతం. అమెరికా ఆదివాసులు భూములు పోగొట్టుకొన్నారు. వారి పిల్లలను కన్నవారి నుండి వేరుచేసి, మాతృభాష పలుకనీయని వసతి పాఠశాలలలో పెంచారు. ఆపైన నిరుద్యోగం, మద్యం, అయినవారి చావులు వరుసగా చూసిన దుఃఖం. ఇంతటి దానిని మనోదౌర్బల్యమని కొట్టిపారవేయడం అన్యాయం.

2001లో ఆ తెగ మండలి ఒక కట్టడి చేసింది. ఎవరైనా చనిపోవాలని ఉందన్నా, ప్రయత్నించినా, ఎరిగినవారు ఆ సంగతిని తెగవారి నమోదు కేంద్రానికి తెలుపవలెను. అపాచీ కార్యకర్తలే ఆ వ్యక్తిని స్వయంగా కలిసి, మాట్లాడి, వైద్యానికి దారి చూపుతారు. ఇది నిఘా కాదా అని మొదట నాకూ అనిపించింది. కాని వచ్చేది పోలీసు కాదు, తమవాడే. 2007-2012 నాటికి ఆ సంఖ్య లక్షకు 24.7కు తగ్గింది. అది ఇప్పటి లెక్కనైనా ఎక్కువే, అయినా తగ్గింది.

వైద్యుని గడప తొక్కనివారే ఇలా మరణిస్తారనుకోవడం పొరపాటు. అమెరికాలో సాధారణ ప్రజలపై జరిపి 2014లో వెలువరించిన ఒక పరిశీలనలో, ఆత్మహత్య చేసుకొన్నవారిలో 83 శాతం మంది అంతకు ముందు ఏడాదిలో ఏదో ఒక వైద్యసేవ పొందినవారే. సుమారు సగం మందికి మానసిక వ్యాధి ఉన్నదని ఎవరూ గుర్తించనే లేదు. నాడి చూసినవారు మనసు సంగతి అడగలేదన్నమాట. నేనూ ఆ కోవలోని వాడినే.

అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని ఇంటి పెద్దలు జంకుతారు. అట్లా జరగదని పరిశోధనలు తేల్చాయి. "చనిపోవాలనిపిస్తున్నదా?" అని ఏకాంతంగా, నెమ్మదిగా అడగండి. ఔనంటే ఉపదేశాలు మానండి, ఒంటరిగా విడువకండి, మనోవైద్యుని వద్దకు వెంటబెట్టుకొని వెళ్లండి. ఇది కషాయాలతో తీరేది కాదు, గృహవైద్యం వ్రాసే నేనే చెబుతున్నాను. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ 14416 నంబరుకు రాత్రింబవళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చును. ఆ సంఖ్యను మా వైద్యశాలలో, రోగులు కూర్చునే బల్లకు ఎదురుగా గోడ మీద వ్రాయించాను.