ఒంటికి ట్రేలోనే... రెంటికి మాత్రం ఇల్లంతా!

రీల్స్ చూసేవాళ్ళలో చించిల్లాను చూడనివాళ్ళు ఇప్పుడు తక్కువే. పెద్ద పెద్ద చెవులు, బుల్లి చేతులు, బూడిదరంగు దూదిబంతికి ప్రాణం పోసినట్టుండే ఒళ్ళు. గిన్నెలో పొడి పోస్తే అందులో పల్టీలు కొడుతుంది. కింద కామెంట్లన్నీ ఒకటే పాట: ‘ఎంత ముద్దుగా ఉందో, నాకూ ఒకటి కావాలి’ అని. అయితే ఆ రీల్‌లో కనబడనిది ఒకటుంది. కెమెరా ఆన్ చేసే ముందు నేలంతా ఊడ్చిన చీపురు.

అందుకే చించిల్లా మీద మనసు పడినవాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న ఇదే. ‘పిల్లిలాగా దీనికీ ట్రేలో పోవడం నేర్పించొచ్చా?’

జవాబు: సగం నేర్పించొచ్చు. చిన్నప్పుడు బళ్ళో వేళ్ళు చూపించి పర్మిషన్ అడిగేవాళ్ళం కదా, ఆ లెక్కలో చెప్పాలంటే ఒంటికి నేర్పించొచ్చు, రెంటికి కుదరదు. ఈ ఒక్క ముక్క ముందే తెలియక చాలామంది ‘నాది మొండిది, ఎంత చెప్పినా నేర్చుకోదు’ అని విసిగిపోతారు. తప్పు దానిది కాదు, దాని పొట్టది.

ఎందుకు సగమే?

చించిల్లా పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. చలి, ఎండుగాలి, రాళ్ళు, వాటి సందుల్లో దొరికే పీచుగడ్డి. ఇంత నాసిరకం తిండితో బతకాలంటే రోజంతా కొద్దికొద్దిగా నములుతూనే ఉండాలి. పైనుంచి గడ్డి వెళుతూ ఉంటే, కిందనుంచి పెంటికలు రాలుతూ ఉంటాయి. రోజుకు వందల్లో! గెంతుతున్నా రాలతాయి, తింటున్నా రాలతాయి, మీ భుజమెక్కి సెల్ఫీకి పోజిచ్చినా రాలతాయి. ఆపుకొని ఒక చోటికి వెళ్ళి వదలడం అనేది దానికి తెలియని పని.

ఉచ్చ సంగతి వేరు. దాన్ని ఆపుకోగలదు, చోటూ ఎంచుకుంటుంది. చాలా చించిల్లాలు మనం ఏమీ నేర్పకుండానే బోనులో ఒక మూలను ఖాయం చేసుకుంటాయి. మన పనల్లా ఆ అలవాటుకు ఒక ట్రే తగిలించడమే.

ఊరట ఏంటంటే, పెంటికలు ఎండు బియ్యపు గింజల్లా గట్టిగా, పొడిగా ఉంటాయి. అంటుకోవు, దాదాపు వాసన రావు. చీపురు, చేట ఉంటే రెండు నిమిషాల పని. ఇంట్లో వాసన వస్తోందంటే అది ఉచ్చదే. అంటే ఆ సగం నేర్పితే అసలు తలనొప్పి తీరినట్టే.

ట్రే ఎక్కడ పెట్టాలి?

మనకు నచ్చిన మూలలో కాదు, అది ఎంచుకున్న మూలలో. బోను పెట్టిన మొదటి వారం ఊరికే గమనించండి. ఏ మూల తడుస్తోంది? కింద అరలోనా, పై పలక మీదా? దొరికాక ట్రేను సరిగ్గా అక్కడే పెట్టండి. తడిసిన పాత పొట్టు గుప్పెడు తీసి అందులో వెయ్యండి. ‘ఇది నీ చోటే’ అని దానికి అర్థమయ్యే భాష వాసన ఒక్కటే.

రెండో చిట్కా: ఎండుగడ్డి బుట్టను ట్రే పక్కనే, ట్రేలో కూర్చుని అందుకునేలా తగిలించండి. చించిల్లాలకు తింటూ తింటూ కానిచ్చేసే అలవాటు ఉంటుంది. మనకు వినడానికి బాగోకపోవచ్చు గానీ పని జరుగుతుంది.

మూడోది, చాలామంది వదిలేసేది. బోను అడుగంతా పొట్టు పరిస్తే దాని దృష్టిలో బోనంతా టాయ్‌లెట్టే. అందుకని పొట్టు ట్రేలో మాత్రమే ఉండాలి. మిగతా నేల మీద, పలకల మీద ఫ్లీస్ గుడ్డ పరవండి. అయితే గుడ్డను కొరికి మింగుతోందేమో చూస్తుండండి. మింగుతుంటే తీసేయండి.

ట్రే ప్లాస్టిక్‌ది వద్దు. జీవితాంతం పెరుగుతూనే ఉండే పళ్ళు దానివి, కనబడిందల్లా కొరుకుతుంది. ప్లాస్టిక్ ముక్క పేగులో ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది. వెడల్పాటి స్టీలు బేసిన్ గానీ, కేకులు చేసే మందపాటి గాజు గిన్నె గానీ చాలు. బరువుండాలి, లేకపోతే తిరగేస్తుంది.

రెండు చించిల్లాలు ఉంటే రెండూ ఒకే మూలకు ఒప్పుకోకపోవచ్చు. పంచాయితీ పెట్టకుండా రెండో ట్రే కొనేయండి.

అందులో ఏం వెయ్యాలి?

బట్టీలో ఆరబెట్టిన పైన్ చెక్క పొట్టు, ఆస్పెన్ చెక్క పొట్టు, లేదా కాగితంతో చేసిన లిట్టర్. ఈ మూడింటిలో ఏదైనా సరే.

పిల్లుల కోసం అమ్మే గడ్డకట్టే మట్టి మాత్రం వద్దే వద్దు. చించిల్లా దాన్ని రుచి చూడకుండా ఉండదు. బయట తడి తగిలితే గడ్డకట్టేది పొట్టలోనూ గడ్డకడుతుంది. సెడార్ పొట్టు కూడా వద్దు. ఆ చెక్క ఘాటు మనకు ‘ఫ్రెష్’గా అనిపిస్తుంది గానీ దాని ఊపిరితిత్తులకు మంచిది కాదు. సెంటు కలిపిన రకాలు ఏవైనా ఇంతే.

రోజూ చెయ్యాల్సింది

తడిసిన భాగం రోజూ తీసేయండి. రెండు మూడు రోజులకోసారి మొత్తం మార్చండి. మార్చేటప్పుడు చిటికెడు పాత పొట్టు కొత్తదాంట్లో కలపండి. తళతళలాడేలా కడిగేస్తే చిరునామా చెరిపేసినట్టే, మళ్ళీ కొత్త మూల వెతుక్కుంటుంది.

ట్రే బయట పోసిన చోట మాత్రం దీనికి రివర్స్. అక్కడ వాసన అస్సలు మిగలకూడదు. తెల్ల వెనిగర్, నీళ్ళు సగం సగం కలిపి తుడవండి. ఎండిన ఉచ్చ వదిలే తెల్లటి గార కూడా దీంతోనే పోతుంది. ఫినాయిల్, బ్లీచింగ్ జోలికి పోవద్దు. ఉచ్చలోని అమ్మోనియాతో బ్లీచ్ కలిస్తే విషవాయువులు పుడతాయి. అది మీకూ ప్రమాదమే.

బయట ఆడుకోడానికి వదిలేముందు ఓ పది నిమిషాలు ఆగండి. అది సాయంత్రం నిద్రలేచి, ట్రేలో పని కానిచ్చాక తలుపు తీస్తే మీ సోఫాకు రక్షణ. ట్రేలోంచి దిగగానే ఒక్క ఓట్ గింజ ఇవ్వండి. ఒక్కటే! తీపి పళ్ళు, కిస్‌మిస్‌లు ఆ పొట్టకు పడవు.

కొన్నింటికి రెండు వారాల్లో వస్తుంది, కొన్నింటికి రెండు నెలలు పడుతుంది. కొన్ని ఎప్పటికీ పదిలో ఎనిమిదిసార్లే ట్రే వాడతాయి. పదికి ఎనిమిదంటే డిస్టింక్షనే, సంతోషించండి.

ఈ పొరపాట్లు వద్దు

కొట్టడం, అరవడం, మూతిని తడిలో రుద్దడం. ఇది కుక్కకే తప్పు, చించిల్లాకైతే మరీ తప్పు. అడవిలో గద్దకు, నక్కకు ఆహారమయ్యే జీవి అది. మీరు అరిస్తే దానికి ‘ఇక్కడ పొయ్యకూడదు’ అని అర్థం కాదు, ‘ఈ మనిషి నన్ను తినేస్తాడు’ అని అర్థమవుతుంది. భయపడిన ఆడ చించిల్లా నిటారుగా నిలబడి గురిచూసి మీ మీదే చిమ్మగలదు. గట్టిగా పట్టుకుంటే బొచ్చు కుచ్చులుగా ఊడి మీ చేతిలో మిగులుతుంది. శత్రువు నోట్లోంచి తప్పించుకోడానికి ప్రకృతి ఇచ్చిన ఉపాయం అది.

ఇంకొకటి, పొడి స్నానపు గిన్నె. అది నీళ్ళతో స్నానం చెయ్యదు. వారానికి రెండు మూడుసార్లు మెత్తటి అగ్నిపర్వతపు దుమ్ములో పొర్లుతుంది. అంత ఒత్తైన బొచ్చు తడిస్తే తొందరగా ఆరదు కాబట్టి నీళ్ళు పొయ్యకూడదు కూడా. పది, పదిహేను నిమిషాలయ్యాక ఆ గిన్నె తీసేయండి. బోనులోనే వదిలేస్తే దాన్నే టాయ్‌లెట్ చేసేసుకుంటుంది. అప్పుడు మీరు నేర్పిన పాఠమంతా గోవిందా.

రాలిన పెంటికలే రిపోర్టు కార్డు

ఊడ్చేటప్పుడు విసుక్కోకుండా ఒక్కసారి చూడండి. చించిల్లా తన జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. దాచలేనివి ఈ పెంటికలే.

బొద్దుగా, ముదురు గోధుమరంగులో, పొడిగా ఉంటే అంతా బాగున్నట్టు. సైజు తగ్గి సన్నబడినా, సంఖ్య తగ్గినా అది సరిగా తినడం లేదని అర్థం. పళ్ళు అతిగా పెరిగి నోట్లో గుచ్చుకుంటుండొచ్చు. మెత్తగా, తడిగా వస్తే తిండిలో తేడా గానీ, ఇన్ఫెక్షన్ గానీ ఉండొచ్చు. పూర్తిగా ఆగిపోతే ‘రేపు చూద్దాం’ అనొద్దు. పేగుల కదలిక ఆగిందంటే గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

కొన్ని పెంటికలను అది తిరిగి తినడం చూస్తే అసహ్యించుకోకండి. కుందేళ్ళూ అంతే. మొదటి విడతలో అరగని పోషకాల్ని రెండో విడతలో రాబట్టుకునే పద్ధతి అది.

ఉచ్చ లేత పసుపు నుంచి నారింజ రంగు దాకా ఉండొచ్చు. ఎండాక ఇంకా ముదురుతుంది. అది మామూలే. కానీ ఇన్నాళ్ళూ బుద్ధిగా ట్రేలో పోసింది ఉన్నట్టుండి ఎక్కడపడితే అక్కడ పోస్తున్నా, ముక్కుతున్నా, రక్తం కనిపించినా అది అల్లరి కాదు. ముఖ్యంగా మగవాటిలో మూత్రాశయంలో రాళ్ళు వస్తుంటాయి. ట్రే అలవాటు చెయ్యడంలో అసలు లాభం ఇక్కడే ఉంది. రోజూ ఒకేచోట పోసేదైతేనే తేడా మనకు మొదటిరోజే తెలుస్తుంది. ప్రాణం కాపాడే తేడా అది.

మరి మన దగ్గర పెంచొచ్చా?

ఇక్కడ కాస్త కటువుగానే మాట్లాడుకోవాలి. మనిషికి ఒక కుదురు నుంచి ఒకటో రెండో వెంట్రుకలు మొలిస్తే చించిల్లాకు యాభై పైనే మొలుస్తాయి. దానికి చెమట పట్టదు. పాతిక డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది, ఇంకొంచెం పెరిగితే వడదెబ్బే. రెంటచింతల, రామగుండం ఎండల్ని వదిలేయండి, విశాఖ ఉక్కపోత కూడా దానికి పడదు. అంటే వేసవిలో ఇరవైనాలుగు గంటలూ ఏసీ ఉండాలి. కరెంటు పోతే ఏం చేస్తారో ముందే ప్లాన్ ఉండాలి. ఫ్యాన్ సరిపోదు. చెమట పట్టని ఒంటికి గాలి తగిలి ఏం లాభం?

మన దేశంలో కొన్ని జాబితాల్లోని విదేశీ జీవుల్ని పెంచేవాళ్ళు వివరాలు నమోదు చెయ్యాలంటూ 2024లో నిబంధనలు వచ్చాయి. కాబట్టి బిల్లు, పత్రాలు చూపించకుండా ‘డోర్ డెలివరీ చేస్తాం’ అనేవాళ్ళను నమ్మొద్దు. కుక్కల్ని, పిల్లుల్ని చూసే డాక్టరు వీధికొకరు దొరకొచ్చు. చించిల్లా పళ్ళు చూడగలిగినవాళ్ళు ఎక్కడున్నారో కొనకముందే కనుక్కోవాలి.

అమెరికాలో చదువుకుంటూ, చల్లటి అపార్ట్‌మెంట్‌లో ఉంటూ ఒకదాన్ని తెచ్చుకుందాం అనుకునే మనవాళ్ళకూ ఒక లెక్క. బాగా చూసుకుంటే చించిల్లా పదిహేనేళ్ళు, కొన్ని ఇరవయ్యేళ్ళు బతుకుతాయి. ఎంఎస్ రెండేళ్ళు. తర్వాత ఉద్యోగం ఏ రాష్ట్రమో, వీసా ఎలా ఉంటుందో మీకే తెలియదు. అప్పుడు అది ఎవరి దగ్గరుంటుంది?

ఈ జాతికి మనుషులు ఇప్పటికే చాలా బాకీ ఉన్నారు. ఒక్క కోటుకు వందకు పైగా తోళ్ళు కావాలి. ఆ కోట్ల కోసం వేటాడి వేటాడి దాదాపు తుడిచిపెట్టేశారు. చిలీ, పెరూ, బొలీవియా, అర్జెంటీనా 1910లో ఒప్పందం చేసుకుని వేటను నిషేధించేనాటికే చాలా ఆలస్యమైంది. 1923లో మథియాస్ చాప్‌మన్ అనే గనుల ఇంజనీరు చిలీ నుంచి డజను లోపు చించిల్లాలను కాలిఫోర్నియాకు తెచ్చాడు. ఇళ్ళల్లో పెరిగేవాటిలో ఎక్కువశాతం వాటి సంతానమే అంటారు. ఆయన తెచ్చింది కూడా ముద్దు చెయ్యడానికి కాదు, బొచ్చు వ్యాపారానికే. కొండల్లో మిగిలినవి నేటికీ అంతరించే ప్రమాదంలోనే ఉన్నాయి.

కాబట్టి కొనేముందు మిమ్మల్ని మీరు ఒక్క ప్రశ్న అడగండి. ‘ఇది ట్రే నేర్చుకుంటుందా?’ అని కాదు. అది తన సగం నేర్చుకుంటుంది, దాని గురించి బెంగ వద్దు. మిగతా సగం, అంటే పదిహేనేళ్ళపాటు రోజూ చీపురు పట్టుకోవడం, అది మనం నేర్చుకోవాల్సింది. ‘నా వల్ల అవుతుంది’ అంటే ముందు ఏసీ పెట్టించండి, తర్వాత గాజు గిన్నె కొనండి. కాదనుకుంటే రీల్ చూసి ఒక లైక్ కొట్టి స్క్రోల్ చెయ్యండి. అదీ ప్రేమే.