గోడమీఁది బొమ్మయు, ప్రాఁత కట్టడమును

ఊరి యందమెందున్నదని యడిగినచో కొందఱు ఎత్తయిన మేడలను, కొందఱు వెడల్పైన బాటలను చూపుదురు. ఊరివారందఱు తమదని చెప్పుకొనఁదగినది యెంత కలదో అంతయే దాని యందమని నా యభిప్రాయము.

మన బాచుపల్లి యొకప్పుడు పొలములు గల పల్లె. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు తెఱవఁబడిన పిమ్మట చుట్టుపట్ల పల్లెలు నగరములో కలియఁజొచ్చెను. 2019లో బాచుపల్లి, నిజాంపేట, ప్రగతినగరములను చేర్చి యొక నగరపాలక సంస్థ నేర్పఱచిరి. ఇట్టి క్రొత్త యూరివారికి ప్రాఁత కట్టడములతోను, వీథిచిత్రములతోను పనియేమని కొందఱందురు. నా తలంపు వేఱు. క్రొత్త యూరికే యీ విచారము ముందుగా కావలయును.

హైదరాబాదున ఖైరతాబాదుచెంత ఎం. ఎస్. మక్తా యను చిన్న యిండ్ల పేట కలదు. 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్‌వా రచటి గోడలపై పలువురు చిత్రకారులచే పెద్ద బొమ్మలు వ్రాయించిరి. అంతకు ముందు బయటివారు తొంగిచూడని యిఱుకు సందులకు చూపరులు రాసాగిరి. రుసుము లేని చిత్రశాల బీదవాని గుమ్మముకడకే వచ్చుట మంచిపనియే కదా!

అయినను రంగు ఎండకు వెలియును, వానకు కరఁగును. వెలిసిన బొమ్మను మరల వ్రాయవచ్చును. కూలిన కట్టడమును మరల పుట్టింపఁజాలము. కావున రెంటిలో ముందుగా కాపాడవలసినది కట్టడము.

ఇందులకు ఇరమ్ మంజిల్ నిదర్శనము. నవాబు ఫక్రుల్‌ముల్కుగారు ఎఱ్ఱని గుట్టపై కట్టించిన సౌధమది. తెలుఁగువారి "ఎఱ్ఱ" యను మాటయు, స్వర్గమని యర్థమిచ్చు "ఇరమ్" అను మాటయు చెవికి ఒక్కటిగా తోఁచునట్లు ఆ పేరిడిరని చెప్పుదురు. దానిని పడఁగొట్టి క్రొత్త శాసనసభాభవనము కట్టవలయునని 2019లో ప్రభుత్వమువారు నిశ్చయింపఁగా, పౌరులు న్యాయస్థానము నాశ్రయించిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో హైకోర్టువారు ఆ నిర్ణయమును కొట్టివేసిరి. తీర్పు గునపమును ఆపఁగలదు గాని పగులును పూడ్పఁజాలదు. ఆ పని జనుల శ్రద్ధవలననే జరుగవలయును.

"మురుగుకాలువలకే సొమ్ము చాలనప్పుడు ప్రాఁతగోడల కెక్కడిది?" అని పెద్దలడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సికిందరాబాదునందలి బన్సీలాల్‌పేట మెట్లబావియే ప్రత్యుత్తరము. చిరకాలము చెత్తతో పూడియుండిన యా బావిని శుభ్రముచేసి, బాగుపఱచి, 2022 డిసెంబరులో ప్రజల కర్పించిరి. నేఁ డది చూడఁదగిన శిల్పము. వాననీటిని నిలుపు బావియు నదే. ప్రాఁతదానిని రక్షించుట యెల్లప్పుడును వ్యర్థవ్యయము కాదు.

ఇఁక మనము చేయఁదగినవి మూఁడు. మొదటిది, మన ప్రాఁత యూరిలో మిగిలిన బావులు, గుడులు, మసీదులు, మండువా యిండ్లు, రచ్చబండలు ఎవ్వియో వృద్ధుల నడిగి విద్యార్థులు పట్టిక వ్రాయుట. రెండవది, క్రొత్త ప్రహరీగోడలపై ఆ వీథివారి యనుమతితో, వారు కోరిన బొమ్మలనే వ్రాయించుట. గోడ యొకరిది, కన్నులందఱివి. కావున ఇరువురి మాటయు వినవలయును. మూఁడవది, ప్రాఁత రాతిపనిపై రంగు పూయకుండుట, పేళ్లు చెక్కకుండుట. బొమ్మలేని రాతిగోడ వట్టిగోడ కాదు. దానిని పేర్చిన చేతుల నేర్పే దాని చిత్రము.

దూరదేశములనుండి బ్రతుకుఁదెరువునకై వచ్చిన కుటుంబముల పిల్లలు నేఁడు మన యూర ననేకులు పెరుగుచున్నారు. "ఇది మా యూరు" అని వా రనుటకు గుర్తులు కావలయును. ఉన్న గుర్తులను చెఱిపి, లేనివానికై వెదకుట వివేకము కాదు.