జీతం వదిలిన కలం, పేరు చెరిపిన బుటా

1858 నవంబరు 23న పాతికేళ్ల బడిపంతులొకడు బొంబాయిలో ఉద్యోగం వదిలేసి ఇంటికొచ్చాడు. బల్ల మీది కలాన్ని చూస్తే కళ్లనీళ్లు తిరిగాయట. ఇకమీదట తనను పోషించే పూచీ నీదేనని ఆ కలానికే తనను అప్పజెప్పుకున్నాడు. ఆయన సూరత్ వాడు, పేరు నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే. గుజరాతీలకు ‘నర్మద్’ అంటే చాలు. ఈ ముచ్చట ఆయన 1866లో రాసుకున్న ఆత్మకథలో ఉంది. అది పూర్తి పుస్తకంగా జనంలోకి వచ్చేసరికి 1933 అయింది. అప్పటికి ఆయన పోయి 47 ఏళ్లు.

సూరత్‌లో ఉద్యోగం మానేయడం వింతేమీ కాదు. ఆ ఊళ్లో నౌకరీ కన్నా ధంధాకే మర్యాద ఎక్కువ. వజ్రాలు సానబట్టేవాడి చూపు సొంత ఘంటీ (సానచక్రం) మీద ఉంటుంది. మరమగ్గం నడిపేవాడు సొంత ఖాతా (మగ్గాల షెడ్డు) ఎప్పుడు పెడదామా అని చూస్తాడు. వాళ్లకు తాకట్టు పెట్టడానికి యంత్రముంది, అరువిచ్చే సేఠు ఉన్నాడు. కలం తాకట్టు పెడతానంటే మాత్రం ఏ సేఠూ గల్లా తెరవడు.

ఉద్యోగం వదిలాక 24 ఏళ్లు నర్మద్ ఊరికే కూర్చోలేదు. కవిత్వం, వ్యాసాలు, చరిత్ర రాశాడు. 1864లో ‘దండియో’ పక్షపత్రిక పెట్టి వితంతువుల పెళ్లిళ్ల గురించీ, మతాచార్యుల ఆగడాల గురించీ దులిపేశాడు. వీటన్నిటి నడుమ ఒంటిచేత్తో గుజరాతీ నిఘంటువు కూర్చాడు. దాదాపు 25 వేల మాటల ఆ ‘నర్మకోశ్’ పూర్తిగా వెలువడింది 1873లో. పేరు నిలబెట్టింది ఇదే. ఇల్లు నిలబెట్టలేకపోయిందీ ఇదే. ఏళ్ల తరబడి చాకిరీ, చేతి నుంచి అచ్చు ఖర్చు, కొనేవాళ్లు కొద్దిమంది. కాపీరైట్ లేదా అంటే, ఉంది. 1847 నాటికే మన దేశంలో ఆ చట్టం వచ్చింది. చదవనూ కొననూ గలవాళ్లు గుప్పెడుమంది ఉన్నచోట హక్కు పత్రం కూడు పెట్టదు.

తెలుగు వైపు చూస్తే తేడా తెలుస్తుంది. వీరేశలింగాన్ని నర్మద్‌తో పోల్చడం కొత్తేమీ కాదు: ఇద్దరూ పత్రికలు నడిపారు, వితంతు వివాహాల కోసం ఊళ్లతో తగాదా పెట్టుకున్నారు, తమ భాషల్లో ఆత్మకథకు దారి వేశారు. కానీ పంతులుగారు ‘వివేకవర్ధని’ నడుపుతున్న రోజుల్లో బడి జీతం వదల్లేదు, పైగా సొంత ముద్రాయంత్రం సమకూర్చుకున్నారు. ఒంటరిగా ‘శబ్దరత్నాకరం’ నిర్మించి 1885లో అచ్చుకిచ్చిన బహుజనపల్లి సీతారామాచార్యులు మద్రాసులో జీతం మీద పనిచేసిన తెలుగు పండితులు. ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ వెనక పిఠాపురం సంస్థానమే ఉంది. నర్మద్‌కు జీతమూ లేదు, జమీందారూ లేడు.

1882లో ఆయన బొంబాయిలో గోకుల్‌దాస్ తేజ్‌పాల్ ధర్మసంస్థలో ఉద్యోగానికి ఒప్పుకున్నాడు. 1886 ఫిబ్రవరి 26న కన్నుమూశాడు. వ్రతం చెడి గుండె పగిలిందని ఆ కథ చెప్పుకుంటారు. జమాఖర్చుల పుస్తకంలా చదివితే ఇంకో సంగతి కనబడుతుంది. ఆయన ధైర్యంలో లోటేమీ లేదు. రాతకు డబ్బు ఎప్పుడో ఒకసారి మూటగా వస్తుంది, రాకపోతే ఆ మూటా లేదు. ఇంటి ఖర్చు మాత్రం రోజూ తలుపు తడుతుంది. ఏ యుగంలోనైనా స్వతంత్ర కళాకారుడి సమస్యలో సగం ఇదే. రెండో సగం, చేసిన పని మీద పట్టు ఎవరిదన్నది.

ఆ రెండో సగం చూడాలంటే నేటి సూరత్‌కే పోవాలి.

సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వైపు నుంచి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తరాలుగా ఉంటున్నాయి. సూరత్ మున్సిపాలిటీ తెలుగు మీడియం బడులూ నడుపుతోంది. తండ్రి మగ్గం దగ్గర నిలబడితే, కొడుకు కంప్యూటర్ ముందు కూర్చుని చీరల డిజైన్లు గీస్తాడు. ఆ పని ఎలా ఉంటుందో దగ్గరగా చూడాలి. తెరమీద ఐదున్నర మీటర్ల చీర పరుచుకుంటుంది: అంచు, కొంగు, మధ్యలో బుటాలు, చివర జాకెట్ ముక్క. ఒక తీగ కుడి అంచున ఎక్కడ తెగిందో ఎడమ అంచున సరిగ్గా అక్కడే మొదలవ్వాలి. వెంట్రుకవాసి తప్పినా గుడ్డ మీద జానెడుకోసారి అతుకు కనబడుతుంది. దాన్ని సరిచేయడానికే ఒక రాత్రి పోతుంది. అది కుదిరాక అదే డిజైన్‌ను నాలుగైదు రంగుల్లో మార్చివ్వాలి. మార్కెట్లో దాన్ని ‘మ్యాచింగ్’ అంటారు. దానికి వేరే డబ్బు అడిగితే సేఠు నవ్వుతాడు.

చెల్లింపు డిజైన్‌కు ఇంత అని ఒక్కసారే. అదీ ఉద్దెరే. చీర అడుగున పడినా, వేలల్లో అమ్ముడైనా గీసినవాడికి తేడా లేదు. చీర బాగా ఆడితే వారం తిరక్కముందే రింగ్ రోడ్డు మార్కెట్లో ఇంకో కొట్టు అద్దాల వెనక దాని కవల వేలాడుతుంది.

మార్కెట్ మోసాలన్న మాట సరే, చట్టం కూడా అతని పక్షాన లేదు. 2000 నాటి డిజైన్ల చట్టం ప్రకారం, డబ్బు తీసుకుని ఇంకొకరి కోసం గీస్తే ఆ డిజైన్‌కు యజమాని గీయించుకున్నవాడే. పోనీ కాపీరైట్ ఉందనుకుంటే, కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ అడ్డం వస్తుంది: డిజైన్‌గా నమోదు చేయదగ్గది నమోదు చేయకుండా వస్తువుల మీద యంత్రంతో 50 సార్లకు మించి వేస్తే కాపీరైట్ పోతుంది. సూరత్‌లో 50 చీరలు ఒక పూట పని! సోఫా గుడ్డల మీది డిజైన్ల తగాదాలో 2009లో ఢిల్లీ హైకోర్టు కూడా గుడ్డకు వాడే ఇలాంటి బొమ్మలకు రక్షణ డిజైన్ చట్టంలోనే వెతుక్కోవాలని చెప్పింది. నమోదైతే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు రక్షణ. అయితే సరుకు బయటపడకముందే దరఖాస్తు చేయాలి. ఒక పండగ సీజన్‌కు బతికే చీరకు, నెలకు పదుల్లో గీసే కుర్రాడికి అది అయ్యే పనేనా?

దీంతో పోలిస్తే రచయిత అదృష్టవంతుడు. విచిత్రమేమంటే ఆ సంగతి చాలామంది రచయితలకే తెలియదు. జీతగాడు కాని రచయిత రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, అతనిదే. హక్కు రాసిచ్చినా కాలపరిమితి పేర్కొనకపోతే ఐదేళ్లే. రాయించుకున్నవాడు ఏడాదిలోపు దాన్ని వాడకపోతే, గడువు వేరే రాసుకోనంతవరకు, ఆ హక్కు రాసినవాడికే తిరిగొస్తుంది. 2012 సవరణ తర్వాత సినిమా హాలు బయట పాట మోగితే వచ్చే రాయల్టీలో వాటాను గేయరచయిత ముందుగా వదులుకుంటానన్నా చెల్లదు. తెలుగు పుస్తకాలు అచ్చేసేవాళ్లలో ఎంతమంది కాగితం మీద సంతకం చేస్తారు? సొంత డబ్బుతో వెయ్యి ప్రతులు వేయించి, సగం పంచిపెట్టి, మిగతావి మంచం కింద సర్దడం మనకు ఆనవాయితీ. ఒకప్పుడు వీధివీధినా అద్దె పుస్తకాల కొట్లుండేవి. నవల అట్టలు ఊడేదాకా చేతులు మారేది, రచయితకు పైసా అందేది కాదు. బ్రిటన్‌లో 1979 చట్టంతో లైబ్రరీలో పుస్తకం అరువిచ్చినప్పుడల్లా రచయిత ఖాతాలో కొంత జమయ్యే ఏర్పాటుంది. ఒక్కో అరువుకు దక్కేది పెన్నీల్లోనే, కానీ ఏటేటా వస్తుంది. నర్మద్‌కు దొరకనిది అదే.

సూరత్ ఆయన్ను మరవలేదు. ఆమ్లీరాన్‌లోని ఇంటిని కాపాడుకుంది, విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టుకుంది. వ్యాపారులు తలుచుకుంటే ఇంకొకటీ చేయొచ్చు: ఈ డిజైన్ ఇన్ని చీరల వరకే, ఆపైన చీరకు ఇంత అని బిల్లు మీద ఒక వరుస. దానికి కొత్త చట్టం అక్కర్లేదు. అంతవరకూ గీసేవాడి ఉపాయం గీసేవాడిదే. ముందు చిన్న సైజు బొమ్మ మాత్రం సేఠు ఫోన్‌కు పంపుతాడు, పువ్వుల మీదుగా అడ్డంగా తన పేరు వేసి. డబ్బు పడ్డాక ఆ పేరు చెరిపేసి, అసలు ఫైలు పంపిస్తాడు.