త్రోవలో నిలిచిన బండి

క్రిందటి మాసమున ఊరగాయ జాడీలను వానకాలమున కాపాడుకొను విధమును గూర్చి ముచ్చటించితిమి. ఈ మాసపు విషయము జాడీలకు బహుదూరము. అమెరికాలో నివసించు మన సోదరీమణులు కొందరు, సెలవులలో ఇంటిబండి కట్టుకొని బంధువులను చూడబోవునపుడు త్రోవలో బండి చెడిన నేమి చేయవలయునో వ్రాయుడని కోరియున్నారు. మాకు ఆ యనుభవము కలదు. అందు మేము చేసిన తప్పును దాచక చెప్పుటయే వారికి మేలని తోచి వ్రాయుచున్నాము.

ఇంటిబండి యని మేమనునది అచ్చట ఆర్.వి. యని పిలువబడు మోటారు వాహనము. పడక, పొయ్యి, చలువపెట్టె, స్నానపు గది అన్నియు అందే యుండును. మా కాపురము డాలస్ నగరమున. మా పెద్దమ్మాయి కాపురము డెన్వరున. 2023వ సంవత్సరము జూన్ మొదటి వారమున అమ్మాయికి సీమంతము నిశ్చయమయ్యెను. పుట్టింటివారము చీర, గాజులు, చలిమిడి తీసికొని పోవలెను. తెనాలి నుండి వచ్చియున్న మా అత్తగారికి అప్పటికి ఎనుబది రెండేండ్లు. మోకాళ్ల నొప్పిచే ఆమె యెక్కువసేపు కూర్చుండలేరు. కావున రెండేండ్ల క్రిందట మేము పాతదానిగా కొనిన ఇంటిబండిలోనే, ఆమెను పడకపై పరుండబెట్టి తీసికొని పోవుదమని తలచితిమి. త్రోవ సుమారు 800 మైళ్లు. ఉద్యోగస్థులకు తీరిక దినమని వేడుకను శనివారము ఉదయము పది గంటలకు పెట్టుకొనిరి. మేము గురువారము తెల్లవారుజామున బయలుదేరితిమి. రెండు దినములు చాలునని మా లెక్క. ఒక్క దినమైనను ఎక్కువ పెట్టుకొనకపోవుట మా మొదటి తప్పు.

చిల్డ్రెస్ అను ఊరు దాటి అమరిల్లో వైపు పోవుచుండగా, మంచి యెండవేళ, వెనుక తుపాకి ప్రేలినట్లు చప్పుడయ్యెను. బండి ఒక ప్రక్కకు లాగసాగెను. మావారు తొందరపడి బ్రేకు త్రొక్కలేదు. స్టీరింగును గట్టిగా పట్టుకొని, వేగమును మెల్లమెల్లగా తగ్గించి, బండిని రోడ్డు అంచునకు చేర్చిరి. వెనుక ఇరుసున ఒక్కొక్క ప్రక్క రెండేసి టైర్లుండుటచే, ఒకటి పగిలినను జతలోని రెండవది బరువు నాపినది. దిగి చూడగా పగిలిన టైరు పైతోలంతయు పీలికలై యుండెను. గాళ్లు మాత్రము క్రొత్తవాని వలె లోతుగనే యున్నవి. ఆ లోతును చూచియే మేము మోసపోయితిమి.

సాయమునకు వచ్చిన పనివాడు మరియొక టైరు ప్రక్కనున్న అంకెలను వ్రేలితో చూపెను. డి.ఓ.టి. యను అక్షరములతో మొదలగు వరుస చివర 2215 అని యుండెను. 2015వ సంవత్సరము 22వ వారమున తయారైనదని దాని యర్థమట. అనగా దానికి ఎనిమిదేండ్లు నిండినవి. బండి నడచినను, నడువక చావడిలో నిలిచియున్నను, ఎండకు గాలికి రబ్బరు ముసలిదగును. ఇంటిబండ్లు ఏడాదిలో అధికభాగము నిలిచియే యుండును గనుక వాని టైర్లు అరుగుటకు ముందే చెడుట సాధారణమని అతడు చెప్పెను. బియ్యమునకు, పప్పునకు తారీఖు చూచి కొనెడి మేము, ఆరుగురు ప్రాణుల బరువు మోయు టైరుకు తారీఖు చూడమైతిమి.

మీరు లెక్కపెట్టి, బండిలో ముగ్గురే కదా యందురు. అమ్మాయిని, కడుపులోని బిడ్డను, త్రోవ చూచు అల్లుని కూడ చేర్చి చెప్పుచున్నాము.

పనివాడు వచ్చుటకు ముందు, నాలుగు గంటలకాలము ఆ యెండలో కూర్చుండి యుండగా అమ్మాయి ఫోను చేసెను. ఏడవ నెల గర్భిణిని దిగులుపెట్టరాదని తలచి, “భోజనమునకు ఆగితిమి తల్లీ” యంటిమి. ప్రక్కన పోవు లారీల చప్పుడు వినబడకుండ ఫోనును చీరకొంగుతో కప్పితిమి. అత్తగారు మావైపు చూచి యూరకుండిరి.

ఆ రాత్రి అమరిల్లోలో గడచెను. మిగిలిన టైర్లును అదే యీడువి గనుక, శుక్రవారము మధ్యాహ్నము వరకు అన్నిటిని మార్పించితిమి. రెండు గంటలకు బయలుదేరి రాటన్ అను ఊరు చేరుసరికి ఆరయ్యెను. అచ్చటి గడియారములు డాలస్ కంటె ఒక గంట వెనుక గనుక, ఆ యూరివారికి అయిదే. ఒక గంట లాభించినదని సంతోషించి, ఆగక ముందునకు సాగితిమి. రాటన్ దాటగనే కొలరాడో సరిహద్దు కనుమను ఎక్కవలెను. దాని యెత్తు 7,800 అడుగులకు పైమాట. బరువుబండి, ఎత్తు త్రోవ, వేసవి వేడి. సగము దూరము పోకముందే ఇంజను వేడిని చూపు ముల్లు ఎఱ్ఱగీటును తాకెను. ముందుభాగము నుండి ఆవిరి లేచెను. నీటిగొట్టము రబ్బరు పగిలినది. మరల రాటన్ వరకు లాగుడుబండితో పోవలసివచ్చెను. పనిశాల మూసియుండెను. ఉదయము ఎనిమిది గంటలకు చూతుమని దాని యజమాని ఫోనులో చెప్పెను.

“అల్లునికి చెప్పుదమా?” యని మావారడిగిరి. వలదంటిమి. రాత్రివేళ గర్భిణిని ఒంటరిగా విడిచి రమ్మని పిలుచుట మర్యాద కాదని మా యూహ. అమ్మాయితో, “రాటన్‌లో పడుకొనియున్నాము, తెల్లవారి బయలుదేరి వేళకు వత్తుము” అని చెప్పితిమి. అందు పడుకొనుట మాత్రము నిజము.

తెల్లవారినది. పనిశాల తెరచిరి. కాని మా బండికి సరిపడు గొట్టము అచ్చట లేదు. పొరుగూరి నుండి రావలెను. తొమ్మిది గంటలకు ఇక దాచ వీలుగాక అమ్మాయికి సర్వము చెప్పితిమి. అమ్మాయి కోపపడలేదు, ఏడ్వలేదు. “సరేనమ్మా” యని ఫోను పెట్టివేసెను. ఆ మాట మా గుండెలో ముల్లువలె నాటుకొనెను. వేళ దాటకుండ వేడుక జరిగినది. తల్లి కూర్చుండవలసిన పీటపై పొరుగింటి వరంగల్లు అమ్మ కూర్చుండి మా బిడ్డ చేతులకు మొదటి గాజులు తొడిగినది. ఆ తల్లికి మేమెప్పటికిని ఋణపడియుందుము.

మేము చేరుసరికి సాయంకాలము అయిదు. చుట్టములు వెళ్లిపోయిరి. గుమ్మమున మామిడి తోరణము వాడియుండెను. అల్లుడు మా పెట్టెలు దించుచు మెల్లగా, “అత్తయ్యగారూ, రాత్రే చెప్పియుంటే నేను కారులో వచ్చి మిమ్ములనందరిని తీసికొనివచ్చి యుందును. మూడున్నర గంటల త్రోవయే గదా” యనెను. అది నిజము. పొరుగింటి వారు రాత్రి అమ్మాయికి తోడు పడుకొనెడివారే. బండి రాటన్‌లో ఉండిపోయినను మేము వేళకు చేరియుందుము. వేళ తప్పించినది పగిలిన గొట్టము కాదు, మా దాపరికము.

అమ్మాయి ఇట్లనెను: “అమ్మా, మొన్నటి నుండి నీ గొంతులో ఏదో దాచుచున్నావని నాకు తెలియుచునే యున్నది. ఏమైనదో యని రాత్రి కన్ను మూయలేదు. టైరు పగిలినదని చెప్పియుంటే నిద్రపోయెడిదానను.”

చలువపెట్టెలో భద్రముగ వచ్చిన పాకపు చలిమిడిని అత్తగారు మనుమరాలి ఒడిలో పెట్టి, మావైపు తిరిగి, “అమ్మాయీ, మా కాలమున పుట్టింటికి పోవు ఎడ్లబండికి ఇరుసు విరిగితే, ఆ త్రోవన పోవు మనిషిని పట్టుకొని ముందుగా కబురంపేవారము. బండి తరువాత వచ్చేది, కబురు ముందు వచ్చేది” అనిరి. అంతకు మించి ఆమె యేమియు ననలేదు.

ఈ సందర్భమున ఒక స్త్రీని తలచుకొనవలసియున్నది. లోకమున మోటారుబండిపై తొలి దూరప్రయాణము చేసినది ఒక తల్లి. పోయినదియు తన తల్లిని చూచుటకే. 1888వ సంవత్సరము ఆగస్టు మాసమున జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను ఆమె తన యిద్దరు కుమారులతో, భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రముల బండి నెక్కి, భర్తతో చెప్పకయే మన్‌హైమ్ నుండి ఫోర్ట్‌సైమ్‌కు బయలుదేరెను. దూరము నూరు కిలోమీటర్లకు పైబడి యుండును. ఇంధనపు గొట్టము మూసికొనిపోగా టోపీకి పెట్టు సూదితో తొలగించెను. నిప్పురవ్వనిచ్చు తీగ పైపూత అరిగిపోగా మేజోడు పట్టీతో దానిని కప్పెను. ఇంధనము తగ్గగా వీస్‌లోహ్ అను ఊరి మందుల దుకాణములో లిగ్రాయిన్ అను ద్రావకమును కొని పోసెను. బ్రేకు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచే తోలు కుట్టించెను. ఇన్ని కష్టములు పడి చీకటివేళకు చేరి, చేరగానే భర్తకు తంతి పంపెను. ఆమె బుద్ధికుశలత అందరును పొగడుదురు. మాకు నచ్చినవి మరి రెండు: ఎదుటివారి సాయమడుగుటకు ఆమె సిగ్గుపడలేదు; ఇంటివారికి కబురంపుట మరువలేదు.

ఇక నేర్చుకొనినవి చెప్పెదము. బయలుదేరుటకు ముందు టైర్ల గాలిని చల్లగా నున్నపుడు కొలువవలెను. వాని వయసు చదువవలెను. ఆరేండ్లు దాటిన, గాళ్లు ఎంత లోతుగా నున్నను తెలిసినవానికి చూపవలెను. నీటిగొట్టములను, బెల్టును చేతితో తడవి చూడవలెను. బీటలున్న యెడల ఇంటివద్దనే మార్పింపవలెను. త్రోవసాయమునకు చందా కట్టునపుడు, మన బండి పొడవు, బరువు చెప్పి, దానిని లాగుట ఆ యొప్పందమున చేరినదో లేదో అడుగవలెను. చిన్నకార్లకే చెల్లు ఒప్పందములు పెక్కు కలవు.

బండి చెడిన వెంటనే వీలైనంతగా త్రోవ వదలి ప్రక్కకు తొలగి, హెచ్చరిక దీపములు వేయవలెను. వాహనములు పోవు వైపున దిగరాదు. మెరయు త్రికోణపు గుర్తులను వెనుకగా దూరదూరముగ నిలుపవలెను. గ్యాసు మీటను కట్టివేయవలెను. ప్రక్కనున్న మైలుగుర్తు అంకెను చూచి ఫోనులో చెప్పినచో సాయము త్వరగా చేరును. ఇంజను కాగియున్నపుడు రేడియేటరు మూతను ముట్టనేరాదు. మరుగుచున్న నీరు ముఖమునకు ఎగజిమ్మును. ముల్లు పైకి పోవుట కనబడగానే లోపలి చలువయంత్రమును ఆపి, వెచ్చదన మిచ్చు యంత్రమును పెట్టినచో ఇంజను వేడి కొంత తగ్గును. కనుమ దిగునపుడు చిన్న గేరులో దిగవలెను; బ్రేకునే నమ్ముకొన్నచో అది కాగి పట్టు తప్పును. వృద్ధుల మందులు, త్రాగునీరు, ఒక దుప్పటి చేతికందునట్లుండవలెను. అపాయమున అమెరికాలో 911, మన దేశమున 112 పిలువవలెను. మన జాతీయ రహదారులపై బండి నిలిచిన యెడల 1033 కలదు.

అన్నిటికంటె ముఖ్యమైనవి రెండు. శుభకార్యమునకు పోవునపుడు లెక్కకు మించి ఒక దినము చేతిలో నుంచుకొనవలెను. ఎదురుచూచువారికి, వారు గర్భిణులైనను వృద్ధులైనను, జరిగినది జరిగినట్లు నెమ్మదిగా చెప్పవలెను. ఏమైనది, ఎచ్చట నున్నాము, అందరము క్షేమమే, మరల ఎప్పుడు పిలుతుము — ఈ నాలుగు మాటలు చాలును. తెలిసిన కష్టము కొంత. తెలియని దిగులు కొండంత.

మా మనుమరాలు ఆ యేడే పుట్టినది. ఇంటిబండి యిప్పటికిని మావద్దనే యున్నది. ప్రయాణమునకు ముందు మావారు టైర్లు చూతురు, మేము గొట్టములు చూతుము, అత్తగారు తెనాలి నుండి ఫోనులో, “కబురు చెప్పుట మరువకండి” యని జ్ఞాపకము చేయుదురు. మీ ప్రయాణములలో నెదురైన చిక్కులను, వానిని దాటిన విధమును మాకు వ్రాయుడు. తక్కిన సోదరీమణుల కుపయోగించునవి ఈ శీర్షికలో ప్రకటింతుము.